బెర్నడీన్ చూడని ఊరు

నాకు అరవై ఆరేళ్లు, డ్వేన్‌కి డెబ్బై ఒకటి. మే నెలలో పెళ్లి చేసుకున్నాం. ఈ వయసులో పెళ్లేమిటని అడిగేవాళ్లకి జవాబు చెప్పడం నేను మానేశాను. చర్చి కింద హాల్లో మేము పెట్టిన హామ్ బన్నులు రెండేసి తిని, కేకు మూట కట్టుకుని ఇంటికి పోయినవాళ్లే ఆ ప్రశ్న ఎక్కువగా అడుగుతుంటారు.

మా కకానా చిన్న ఊరు, దాచుకోడానికేమీ ఉండదు, అందరికీ అందరూ తెలుసు. డ్వేన్ కాగితం మిల్లులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. నేను బడి వంటింట్లో ముప్పై ఏళ్లు గరిటె తిప్పాను. ఆయన మొదటి భార్య బెర్నడీన్ పోయి ఏడేళ్లయింది, నా మొదటి మొగుడు గోర్డీ పోయి అయిదేళ్లు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. గోర్డీ విషయంలో అది నిజమే, బతికుండగా ఆ కళ్లు మామూలు కళ్లే. బెర్నడీన్‌వి మాత్రం బతికుండగానే చారెడు. ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా ఆవిడ చేసిన ఆపిల్ పైయే మొదట చేరేది. ఎవరి బిడ్డకి జ్వరమొచ్చినా రాత్రి కాపలా ఆవిడదే. తిట్టుకుందామంటే ఒక్క కారణం దొరకదు. మట్టిబొమ్మైనా సవతి సవతే అంటారు కదా, అలాంటిది ఇంత మంచి సవతితో ఎలా వేగేది చెప్పండి.

నాలుగు నెలలుగా కూరగాయల కొట్లో, బ్యాంకులో, కంటి డాక్టరు దగ్గర అందరూ నన్ను ఒకే మాటతో పలకరిస్తున్నారు. "ఓ, బెర్నడీన్ వాళ్లాయన్ని చేసుకున్నది మీరేనా!" అంతే. నా పేరు ఎవరూ అడగరు. ఆవిడ కుర్చీ ఖాళీ అయితే వచ్చి కూర్చున్నదాన్నన్నమాట. ఇంట్లో ఆవిడ గిన్నెలు, ఆవిడ తెరలు, ఆవిడ చేత్తో రాసిపెట్టిన వంటల అట్టముక్కలు. ఆ అట్టముక్కలు చూసే నేను కూరలు వండుతున్నాను, ఏం చెయ్యను, డ్వేన్‌కి అవే నచ్చుతాయి.

సెప్టెంబరు మొదట్లో ఓ పొద్దున్న కాఫీ తాగుతూ డ్వేన్ అన్నాడు, "అక్టోబర్లో ఎక్కడికైనా పోదామా, మార్లీ? ఆకులు రంగు మారే రోజులు. మన జట్టుకి ఆట లేని వారం కూడా."

ఆ వారమంటే మావైపు ముహూర్తం లాంటిది. మా ఫుట్‌బాల్ జట్టుకి ఆట లేని ఆదివారమే పెళ్లిళ్లూ బాప్తిస్మాలూ పెట్టుకుంటారు, వీలైతే మోకాలి ఆపరేషన్లు కూడా.

"నీ ఇష్టం," అన్నాను.

"నాదేముంది, నీ ఇష్టం."

"నాకు ఎక్కడైనా ఒకటే."

"నాకూ అంతే."

మేము ఇంతే. చర్చి భోజనాల్లో ఆఖరి కేకు ముక్క ఎవరూ తీసుకోరు. ఒకావిడ వచ్చి సగం కోసుకుంటుంది, ఇంకొకావిడ ఆ సగంలో సగం. చివరికి గోరంత ముక్క పళ్లెంలో ఎండిపోతుంది గానీ "నాకు కావాలి" అన్న మాట ఒక్కరి నోట రాదు. మావాళ్లు నిప్పుల్లో పడినా "పర్లేదండీ, కాస్త వెచ్చగా ఉంది" అంటారు. నేనూ ఆ తానులో ముక్కనే. కానీ ముందురోజే కొట్లో ఇంకొకావిడ "బెర్నడీన్ వాళ్లాయన" అని ఉంది.

"ఒక్క షరతు," అన్నాను. "నువ్వూ బెర్నడీనూ వెళ్లిన చోటు వద్దు. నేనూ గోర్డీ వెళ్లిన చోటూ వద్దు. ఇద్దరికీ కొత్తదవ్వాలి."

డ్వేన్ కప్పు కింద పెట్టాడు. "సరే," అన్నాడు. లేచి వెళ్లి కారులోంచి రోడ్ల మ్యాపు తెచ్చాడు. బల్ల మీద పరిచి నాకు ఎర్ర పెన్సిలిచ్చి తను నీలం తీసుకున్నాడు.

ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది. డ్వేన్ నిజాయితీపరుడు, ఒక్కొక్క ఊరూ గుర్తు చేసుకుంటూ సున్నా చుట్టాడు. డోర్ ద్వీపకల్పం, చెర్రీ తోటలు, అయిదుసార్లు. బేఫీల్డ్, ఆపిల్ పండగ. పైన మిషిగన్‌లో జలపాతాలు. కార్లు తిరగని మాకినా దీవి, గుర్రబ్బళ్లు. కింద ఇల్లినాయ్‌లో గెలీనా. మ్యాపులో పట్టని వర్మాంటు కూడా ఉందట, చర్చివాళ్లతో బస్సులో వెళ్లారు, దానికి అంచున ఒక బాణం గీశాడు. మ్యాపుకి నీలం రంగు ఆటలమ్మ పోసింది.

నా ఎర్ర సున్నాలు రెండు. ఒకటి డెల్స్, పెళ్లయిన కొత్తలో మూడు రోజులకని వెళ్లి రెండో రోజే తిరిగొచ్చాం, ఏదో చెరువులో పెద్ద చేపలు పడుతున్నాయని గోర్డీకి ఎవరో ఫోను చేశారు. రెండోది అడవిలో గోర్డీ జింకల వేట గుడిసె. ఏటా అక్టోబర్లో నన్నక్కడికి "విహారం" అని తీసుకెళ్లేవాడు. నవంబర్లో మగవాళ్లు వేటకొచ్చేలోగా ఎలుకల పెంట ఊడ్చడం నా విహారం.

"ఇంతేనా?" అన్నాడు డ్వేన్ మెల్లిగా.

"ఇంతే. నా పెన్సిలు అరగలేదు, కావాలంటే షాపులో తిరిగిచ్చెయ్యొచ్చు," అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ ఆ సంగతి లోపల గుచ్చుకుంది. ఆవిడ మొగుణ్ణి నేను తీసుకున్నానని ఊరంతా అనుకుంటోంది. ఆవిడ బతికినంత బతుకు నేనెప్పుడూ బతకలేదని మాత్రం ఎవరికీ పట్టదు.

అంతలో డ్వేన్ కూతురు కొలీన్ వచ్చింది. నలభై నాలుగేళ్లది, మంచి పిల్లే, నన్ను ఇంకా మీరు అనే అంటుంది. మ్యాపు చూసి ముచ్చటపడింది.

"అయ్యో నాన్నా, ఈగిల్ రివర్ మర్చిపోయావు! అమ్మ అక్కడే కదా పడవలోంచి పడింది!" అని నీలం పెన్సిలు లాక్కుని ఇంకో మూడు సున్నాలు చుట్టింది. "మీకు సాయం చేస్తున్నానండీ, మార్లిస్," అంది నాతో.

"చాలా సాయం," అన్నాను.

అప్పుడు కనిపించింది నాకు. పడమటి అంచున, మిసిసిపీ నది ఒడ్డున, కొండలున్న చోట అరచేతి వెడల్పున మ్యాపు తెల్లగా ఉంది. అక్కడ ఆల్డెన్స్ లాండింగ్ అని చిన్న అక్షరాలు. చిన్నప్పుడు మా మేనత్త ఆ పక్కనుంచి రైల్లో వెళ్లి, శరత్కాలంలో ఆ కొండలు చూస్తే అన్నం కూడా అక్కర్లేదని చెప్పేది. అరవై ఏళ్లలో నేనెప్పుడూ ఆ మాట పైకి అనలేదు. ఆ రోజు వేలు పెట్టాను.

"ఇక్కడ. నాకు ఇక్కడికి వెళ్లాలని ఉంది."

కొలీన్ నోరు తెరిచింది. డ్వేన్ వెంటనే, "కొలీన్, నీ కారు లైట్లు వెలుగుతున్నట్టున్నాయి, చూసి రా," అన్నాడు. పట్టపగలు. ఆ పిల్ల ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి బయటికెళ్లింది.

"ఎప్పుడైనా వెళ్లారా నువ్వూ బెర్నడీనూ అక్కడికి?" అన్నాను.

డ్వేన్ నా వేలినే చూస్తున్నాడు. "లేదు," అన్నాడు. "వెళ్లలేదు. ఖాయం చెయ్యి."

నేనే ఫోను చేశాను. కొండ కింద ఒక పాత మూడంతస్తుల ఇల్లు, బస, పొద్దుటి ఫలహారం. నడిపే ఆవిడ పేరు ట్రూడీ. "నదివైపు కిటికీ ఉన్న గది కావాలి నాకు," అన్నాను. ఆ మాటన్నాక నా చెవులు వేడెక్కాయి, ఏదో బూతుమాట అన్నట్టు.

తర్వాత అయిదు వారాలు నేను మారిపోయాను. కొత్త స్వెట్టరు కొనుక్కున్నాను. కొట్లో "బెర్నడీన్ వాళ్లాయన" అన్నవాళ్లని చూసి నవ్వేదాన్ని. అనుకోండి, ఎన్నైనా అనుకోండి, నాకొక ఊరుంది. నేనూ నా మొగుడూ మొదటిసారి చూడబోయే ఊరు. అక్కడికి వెళ్లొస్తే, మా ఇద్దరికీ అని చెప్పుకోడానికి ఒకటుంటుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. వెర్రితనమే కావచ్చు, కానీ ఆ అయిదు వారాలూ నేను ఆ నమ్మకం మీదే నడిచాను.

శుక్రవారం పొద్దున్న బయల్దేరాం. దారిలో ఒక చీజు ఫ్యాక్టరీ దగ్గరాగి, పళ్ల కింద కిచకిచలాడే తాజా ముక్కలు పొట్లం కొన్నాం. మామూలుగా డ్వేన్ కారు నడుపుతుంటే ప్రతి పశువులపాకకీ ఒక కథ చెప్తాడు. ఆ రోజు నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూర్చున్నాడు. మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. మూడుసార్లూ ఏమీ అనలేదు.

"దారిలో ఆపమంటావా? బాత్రూమా?" అన్నాను.

"కాదు, బాగానే ఉన్నా."

"ఈ వయసులో సిగ్గుపడితే కుదరదు."

"బాగానే ఉన్నానన్నానుగా, మార్లీ."

మధ్యాహ్నం మూడింటికి చేరాం. ఎండ కాస్తోంది. కొండలు ఇంటి వెనకపడ్డాయి, చెట్లడ్డమొచ్చి నది కనబడలేదు, పైకెళ్లి కిటికీలోంచి చూద్దాంలే అనుకున్నాను. ట్రూడీ అరవై దాటిన లావుపాటి మనిషి, ఏప్రానుకి పిండి అంటి ఉంది. "రండి రండి, మూడో అంతస్తు మీది. గదిలో పుస్తకం ఉంటుంది, వెళ్లేముందు రెండు ముక్కలు రాయండేం. ఇరవై రెండేళ్లుగా ఒక్క జంట కూడా రాయకుండా వెళ్లలేదు," అంది.

మెట్లు ఇరుకు. డ్వేన్ ఆరడుగుల మూడంగుళాలు. రెండు చేతుల్లో రెండు పెట్టెలు, తల దించుకుని తన బూట్లు చూసుకుంటూ నా ముందు ఎక్కుతున్నాడు. మూడో అంతస్తు మలుపులో నెత్తికి తగిలేలా ఒక దూలం ఉంది. డ్వేన్ పైకి చూడలేదు. చూడకుండానే ఠక్కున వంగాడు, దాటాక లేచాడు.

నేను మెట్టు మీద ఆగిపోయాను. మా ఇంటి నేలమాళిగ తలుపుకి వారానికోసారి నుదురు బాదుకునే మనిషి. అయిదు నెలలుగా దానికి మంచుగడ్డలు పెడుతున్నదాన్ని నేను.

గది బాగుంది. ఇత్తడి మంచం, చేతికుట్టు దుప్పటి, కిటికీకి పైనుంచి కిందిదాకా దించిన తెర. డ్వేన్ పెట్టెలు దింపి, "బాగుంది," అన్నాడు గోడతో. నేను మొహం కడుక్కుని వచ్చి పుస్తకం కోసం చూశాను. బల్ల మీద లేదు. సొరుగులో బైబిలుంది, పుస్తకం లేదు.

"ఆ పుస్తకమేదీ, డ్వేన్?"

"లేదేమో. కారులో ఐసు వేసిన చల్లపెట్టె ఉండిపోయింది, తెస్తా," అని వెళ్లిపోయాడు, తేలుకుట్టిన దొంగలా.

ముప్పై ఏళ్లు బడి వంటింట్లో చేసినదాన్ని. దాచిన బిస్కెట్లు ఎక్కడుంటాయో నాకు చెప్పక్కర్లేదు. కుర్చీ ఎక్కి బీరువా పైన చెయ్యి పెట్టాను. బీరువా మీద వేలెడు దుమ్ముంది. పుస్తకం మీద రవ్వంత లేదు.

వెతకాల్సిన పనే పడలేదు. తొమ్మిదేళ్ల కిందటి అక్టోబరు పేజీలకి రాగానే ఆ రాత కనిపించింది. ఆ రాతని నేను రోజూ వంటింట్లో చూస్తాను, అట్టముక్కల మీద, 'ఉప్పు తగ్గించి వెయ్యాలి, డ్వేన్‌కి బీపీ' అని.

"అక్టోబరు 11 నుంచి 13. ఎంత చక్కటి గది! కిటికీలోంచి నది అందం చెప్పలేం. ట్రూడీ గారి గుమ్మడికాయ మఫిన్లు ఎప్పటికీ మర్చిపోం. ఇంత మంచి మూడు రోజులు మాకిచ్చినందుకు ధన్యవాదాలు. బెర్నడీన్, డ్వేన్. కకానా." పక్కన చిన్న మేపుల్ చెట్టు ఆకు బొమ్మ.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ ఈ మంచం మీద పడుకుంది. ఈ కిటికీలోంచి నది చూసింది. నేను అరవై ఏళ్లు నోట్లో దాచుకుని ఒకే ఒక్కసారి బయటపెట్టిన కోరిక ఆవిడ తిని పారేసిన మఫిన్. అన్నిటికంటే, నా మొగుడు నా మొహం మీద అబద్ధమాడాడు. కుర్చీ దిగి మంచం మీద కూర్చున్నాను.

డ్వేన్ చల్లపెట్టెతో లోపలికొచ్చాడు. నా ఒళ్లో పుస్తకం చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మ్యాపు మీద నీలం పెన్సిలు అయిపోయిందా?" అన్నాను.

"మార్లీ..."

"ఇక్కడొక్కచోట సున్నా చుట్టడానికి రంగు చాల్లేదా? అయిదు వారాలు, డ్వేన్! స్వెట్టరు కొనుక్కున్నాను. ఊరంతా చెప్పుకున్నాను. నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించావు. కొలీన్‌కి తెలుసు, నీకు తెలుసు, ఈ ఇంటి దూలానికి కూడా తెలుసు. తెలియందల్లా నాకే!"

"అది విహారం కాదు, మార్లీ."

"కాదా? ఇదిగో, నేను చదవమంటావా? మంచి మూడు రోజులట! నది అందం చెప్పలేరట!"

"చెప్పలేదు," అన్నాడు డ్వేన్. "ఎందుకంటే చూడలేదు."

చల్లపెట్టె కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. ఆ పొడవాటి మనిషి, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నేల చూస్తూ చెప్పడం మొదలెట్టాడు.

"ఈ గది ఎండాకాలంలోనే ఖాయం చేసుకున్నాం. గురువారం మధ్యాహ్నం డాక్టరు పిలిచి చెప్పాడు, బెర్నడీన్‌కి ఫలానా జబ్బని, ఎంతవరకు పాకిందో. శుక్రవారం ఇక్కడికి రావాలి. రావొద్దులే, ఫోను చేసి చెప్పేస్తానన్నా. 'పాపం, ఆవిడ మఫిన్లకి పిండి కలిపేసుకుని ఉంటుంది, ఇప్పుడెలా చెప్తాం' అంది."

అది ఆవిడ అన్న మాటేనని నాకు తెలుసు. నేనూ అదే అనేదాన్ని.

"మూడు రోజులు ఆ తెర ఎత్తలేదు. ఆ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆ కుర్చీలో. పొద్దున్న నేనొక్కణ్ణే కిందికెళ్లి, ఆవిడకి కాస్త తలనొప్పి అని చెప్పి మఫిన్లు పైకి తెచ్చేవాణ్ణి. ఇద్దరం ముట్టలేదు. ట్రూడీ నొచ్చుకుంటుందని చల్లపెట్టెలో దాచాం, ఆరు మఫిన్లు. ఇంటికి తీసుకుపోయి పారేశాను."

"మరి ఇది?" పుస్తకం చూపించాను.

"ఆదివారం వెళ్లేటప్పుడు లేచింది. మొహం కడుక్కుంది, తల దువ్వుకుంది, కూర్చుని అది రాసింది. ఆకు బొమ్మ కూడా వేసింది. ఏం రాయమంటావు, మార్లీ? రాయకపోతే ట్రూడీ ఏమనుకుంటుంది?"

నిజమే, ఏం రాస్తుంది? డెల్స్ నుంచి రెండో రోజే తిరిగొస్తూ, కారులో గోర్డీ హారను కొడుతుంటే, మోటెల్ పుస్తకంలో నేనేం రాశాను? 'అద్భుతంగా గడిచింది, మళ్లీ వస్తాం' అని రాశాను. కళ్లు తుడుచుకుంటూ రాశాను. ఈ రాష్ట్రంలో పుట్టి పెరిగి, మావాళ్లు అతిథుల పుస్తకంలో రాసిన మాటని నిజమనుకుని మొగుడి మీదికి లేచింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబుదామనే అనుకున్నా. దారి పొడుగునా అనుకున్నా." డ్వేన్ మొదటిసారి తలెత్తాడు. "నువ్వు వేలు పెట్టి, వెళ్లాలని ఉంది అన్నావు. నాలుగు నెలల్లో నువ్వు నాకిది కావాలి అనడం అదే మొదటిసారి. కాఫీలో పాలు చాలకపోయినా అడగవు నువ్వు, చేదుగానే తాగేస్తావు. నేను చూడట్లేదనుకుంటావు. ఆ ఒక్క మాటా నేను కాదంటే నువ్వు మళ్లీ అనవేమోనని భయమేసింది. అందుకని లేదన్నా. నదివైపు గది అడిగావని తర్వాత తెలిసింది. ఇదే గదవుతుందని నాకు అప్పుడే తెలుసు."

"తెలిసే వచ్చావా?"

"నీకు కావాలన్నావుగా."

నాకు ఏడుపొచ్చింది. ఎవరికోసం ఏడ్చానని అడిగితే బెర్నడీన్‌కోసమే. అయిదు నెలలుగా ఆవిడ గిన్నెలు తోముతూ ఆవిడ మీద పళ్లు నూరాను. ఆవిడ కూడా ఒక మనిషేనని, ఈ గోడవైపు తిరిగి ఈ దిండు మీద కళ్లు తెరుచుకుని పడుకుందని, లేచి తల దువ్వుకుని ఎవరో నొచ్చుకుంటారని ఆకు బొమ్మ వేసిందని నాకెవరూ చెప్పలేదు. అందరూ ఆవిడ ఆపిల్ పైల రుచి మాత్రమే చెప్పారు. ఇంకో మాటా చెప్తాను, సిగ్గు విడిచి. ఆ కుర్చీలో మూడు రోజులు కూర్చున్న మనిషి, తొమ్మిదేళ్ల తర్వాత నేను అడిగానని అదే గదికి నోరెత్తకుండా నడిచొచ్చాడు. నా కోసం ఎవరైనా అంత దూరం వస్తారని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఇంటికెళ్లిపోదామా?" అన్నాను, ముక్కు తుడుచుకుని.

"నీ ఇష్టం."

"ఇంకోసారి నీ ఇష్టం అన్నావంటే ఈ పుస్తకం పెట్టి కొడతాను. నిన్ను అడుగుతున్నాను, డ్వేన్. నీకేం కావాలి?"

చాలాసేపు పట్టింది. ఆయనకీ అలవాటు లేదు పాపం. మోకాళ్లు రుద్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఆ తెర ఎత్తాలనుంది," అన్నాడు. "నా ఒక్కడి వల్ల కాదు."

ఇద్దరం వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాం. తాడు ఆయన పట్టుకున్నాడు, ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను. తెర పైకి చుట్టుకుపోయింది. కింద నది, అంత వెడల్పు ఉంటుందని నేననుకోలేదు. మధ్యలో లంకలు. అవతలి ఒడ్డు కొండలు కింద నుంచి పైదాకా పసుపు, ఎరుపు, ఇటుకరంగు, మధ్యమధ్య ఇంకా మారని పచ్చ. మా మేనత్త అబద్ధం చెప్పలేదు. డ్వేన్ భుజాలు కదులుతున్నాయి. పొద్దు వాలి కొండల మీద ఎండ తగ్గేదాకా అక్కడే నిలబడ్డాం.

శుక్రవారం సాయంత్రమంటే మావైపు చేపల వేపుడే, ఊళ్లో హోటలుకి వెళ్లాం. బ్రాందీ తాగుతూ డ్వేన్ బెర్నడీన్ గురించి చెప్పాడు, నేను అడిగాను గనక. పేకాటలో మోసం చేసేదట. చర్చి ఫాదరు మీద కూడా చేసేదట, ముక్కలు ఏప్రాను జేబులో దాచి.

"దొంగముండ!" అన్నాను. పక్కబల్ల వాళ్లు తిరిగి చూశారు. మేమిద్దరం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆ మనిషైతే నాకు నచ్చేదే. పేకాటకి పిలిచేదాన్ని.

మర్నాడు పొద్దున్న ఫలహారానికి కిందికి దిగాం. ఇంకో రెండు జంటలున్నాయి, గదంతా గుమ్మడికాయ వాసన. ట్రూడీ కాఫీ కూజాతో వచ్చి నా కప్పు నింపింది.

"బాగా నిద్రపట్టిందా? మీరిద్దరూ మా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి కదండీ?"

డ్వేన్ చెవులు ఎర్రబడ్డాయి. పళ్లెంలోకి చూస్తూ మఫిన్ నములుతున్నాడు. ఇంకో అబద్ధం ఆయన గొంతు దాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది.

"నాకు మొదటిసారి," అన్నాను. "ఈయన తొమ్మిదేళ్ల కిందట వచ్చాడు, భార్యతో."

కూజా గాల్లో ఆగింది. పక్కబల్లల వాళ్ల చెంచాలు కూడా ఆగాయి. ట్రూడీ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, మా పెళ్లి ఉంగరాలు చూసింది. పాపం, ఆవిడా మా రాష్ట్రం మనిషే.

"ఓ... అలాగా... మంచిదండీ," అంది. "ఈ వారం వాతావరణం కూడా చాలా బాగుంది కదూ."

"చాలా బాగుంది. ఆవిడ పేరు బెర్నడీన్. మీ గది ఎంతో నచ్చిందని మీ పుస్తకంలో రాసింది. మీ మఫిన్లు మర్చిపోలేనని కూడా రాసింది."

"అయ్యో, ఎంత మంచావిడో," అంది ట్రూడీ, ఇంకా తేరుకోకుండానే. "మరి... మీరు..."

డ్వేన్ నమలడం ఆపి నావైపు చూశాడు.

"నా పేరు మార్లిస్," అన్నాను. "నేనూ ఈయన భార్యనే. ఆ కాఫీలో ఇంకాస్త పాలు పొయ్యండి. నాకు ఇంకో మఫిన్ కావాలి."